పెంటకుప్ప మీద పారేసేది విత్తనమే!

శివరాత్రి వెళ్ళిన రెండు వారాలకు సభ్యత్వం రాయడానికి మా పక్క ఊళ్ళో ఒక కౌలు రైతు ఇంటికి వెళ్ళాం. వాకిట్లో నల్ల ప్లాస్టిక్ ట్రేలు వరసగా పేర్చి ఉన్నాయి. ఏమిటవి అని అడిగితే చిలగడదుంప మొక్కలు అన్నాడు. మండల కేంద్రంలో ఒక నర్సరీవాళ్ళు 'హైబ్రిడ్ తీగ' అని చెప్పి మొక్క 2 రూపాయల చొప్పున అమ్మారట. పది సెంట్లకు 3,300 మొక్కలు. 6,600 రూపాయలు. వడ్డీకి తెచ్చిన డబ్బు.

మంచినీళ్ళు తాగి చేయి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాం. పెంటకుప్ప మీద తీగ ఒకటి నిగనిగలాడుతూ పాకుతోంది. ఇదేం తీగ అమ్మా అని ఆ ఇంటి ఇల్లాలిని అడిగాం. "పండక్కి తెచ్చిన దుంపల్లో కొన్ని మిగిలితే మొలకలొచ్చేశాయి అన్నయ్యా. తినడానికి పనికిరావని పారేశాను" అంది.

వాకిట్లో ఉన్నదీ పెంట మీద ఉన్నదీ ఒకటే తీగ. ఆకు ఒకటే, కాడ రంగు ఒకటే. ఒకదానికి 6,600 రూపాయలు అప్పు చేశారు. రెండోదాన్ని పారేశారు.

ఆ రైతును తప్పు పట్టడానికి ఈ సంగతి రాయడం లేదు. ఆ ఇంట్లో జరిగింది మన అందరి ఇళ్ళలో జరుగుతోంది. ఒక్క చిలగడదుంపతోనే కాదు, ప్రతి పంటతోనూ జరుగుతోంది. మన చేతిలో ఉన్న విత్తనాన్ని చెత్త అనుకునేలా, అంగట్లో ఉన్న చెత్తను విత్తనం అనుకునేలా మనల్ని తయారు చేశారు. దీని గురించి మాట్లాడుకోకుండా విత్తన బిల్లుల మీద ఎన్ని ధర్నాలు చేసినా ఫలితం సగమే.

తల్లి ఎలా ఉంటే పిల్ల అలాగే

ముందు ఆ 'హైబ్రిడ్ తీగ' మాట తేల్చుకుందాం. మొక్కజొన్నలో, పత్తిలో, మిరపలో హైబ్రిడ్ విత్తనం కొంటే మరుసటి ఏడు దాని గింజ అలాగే రాదు. అందుకే ఏటా కొనాల్సి వస్తోంది. చిలగడదుంప సంగతి అది కాదు. మనం దాన్ని గింజతో వేయం. దుంప నుంచి వచ్చిన మొలకతోనో, తీగ ముక్కతోనో వేస్తాం. తల్లి ఏ రకమైతే పిల్ల కచ్చితంగా అదే రకం. ఒక మంచి రకం ఒక్కసారి ఇంటికి చేరిందంటే దాన్ని మళ్ళీ మళ్ళీ కొనాల్సిన అవసరం ప్రకృతిలో లేదు. ఉంటే గింటే అమ్మేవాడికే ఉంది.

కోస్తాలో చిలగడదుంప అంటాం. రాయలసీమలో గెనుసుగడ్డ అంటారు, తెలంగాణలో కందగడ్డ అంటారు. పేరు ఏదైనా మన అమ్మమ్మల కాలంలో దీనికి విత్తన ఖర్చు అనే మాట లేదు. పొరుగు చేను నుంచి నాలుగు మోపుల తీగ తెచ్చుకునేవాళ్ళం, మన చేలో పెరిగాక ఇంకొకరికి నాలుగు మోపులు ఇచ్చేవాళ్ళం. ఈ పంట ప్రపంచమంతా పాకింది కూడా అలాగే. దక్షిణ, మధ్య అమెరికాలో పుట్టిన పంట ఇది. 1593లో ఒక చైనా వర్తకుడు ఫిలిప్పీన్స్ నుంచి ఈ తీగను తన దేశానికి తెచ్చాడని చెబుతారు. అక్కడి స్పెయిన్ పాలకులు తీగ బయటికి పోనివ్వకుండా కాపలా పెడితే, పడవ మోకుల్లో కలిపి పేని దాటించాడట. మరుసటి ఏడు ఫుజియన్ ప్రాంతంలో కరువు వచ్చినప్పుడు జనాన్ని ఆదుకున్న పంటల్లో ఇదొకటి. నాలుగు వందల ఏళ్ళ కిందట పాలకుల కాపలాను దాటిన తీగ, ఇవాళ మన పెరట్లోంచి ప్లాస్టిక్ ట్రేలోకి దానంతట అది పోయింది. ఎవరూ కాపలా పెట్టలేదు, ఎవరూ లాక్కోలేదు.

మొలక వచ్చిన దుంపతో ఏం చేయాలి

కంపెనీలను తిట్టి ఊరుకుంటే కడుపు నిండదు. కనుక పని చెప్పుకుందాం. చదివి పక్కన పెట్టకుండా ఇంట్లో ఆడవాళ్ళకూ చదివి వినిపించండి. విత్తనం దాచే విద్య మొదటి నుంచీ వాళ్ళదే.

ముందుగా ఒక అనుమానం. మొలకెత్తిన ఆలుగడ్డ, పచ్చబారిన ఆలుగడ్డ తినకూడదు, అందులో విషం చేరుతుంది. ఆ భయాన్నే చిలగడదుంపకూ అంటగట్టి పారేస్తున్నాం. చిలగడదుంప మొలకలో ఆ విషం లేదు. దీని లేత ఆకు చాలా దేశాల్లో కూర వండుకుంటారు. కానీ బూజు పట్టి, నల్లమచ్చలు పడి కుళ్ళిన దుంప మాత్రం మనిషీ తినకూడదు, పశువుకూ వేయకూడదు. పశువులకు ఊపిరితిత్తులు దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. మొలక వచ్చింది వేరు, కుళ్ళింది వేరు. ఈ తేడా పిల్లలకు కూడా నేర్పాలి.

దుంప ఎంపికలోనే సగం పంట ఉంది. మరీ పెద్దవి వద్దు, వేరు లాంటి సన్నవీ వద్దు. 125 నుంచి 150 గ్రాముల మధ్య రకం తీసుకోవాలి. పైన సన్నటి చిల్లులు ఉంటే ముక్కుపురుగు లోపల ఉన్నట్టే, అలాంటి దాన్ని ఎంత మొలక వచ్చినా వదిలేయాలి. పురుగున్న దుంప నాటడమంటే పురుగును మనమే పొలానికి మోసుకుపోవడం.

నారుమడికి పెద్ద చోటు అక్కర్లేదు. శాస్త్రవేత్తల లెక్కలో హెక్టారుకు 100 కిలోల దుంపలు, 100 చదరపు మీటర్ల మొదటి మడి, 500 చదరపు మీటర్ల రెండో మడి కావాలి. దాన్ని పది సెంట్లకు కుదిస్తే 4 కిలోల దుంపలు, అంటే 30 దుంపలు. మొదటి మడికి 4 చదరపు మీటర్లు, అంటే రెండు నులక మంచాల చోటు. రెండో మడికి అర సెంటు. కిలో 40 రూపాయలు పెట్టి కొన్నా విత్తనం ఖర్చు 160 రూపాయలు. 6,600 ఎక్కడ, 160 ఎక్కడ!

ఇసుక పాలు ఉన్న మట్టిలో మాగిన పశువుల ఎరువు కలిపి, అడుగున్నర నుంచి రెండు అడుగుల ఎడంతో చిన్న బోదెలు చేయాలి. వాటి మీద జానెడు ఎడంతో దుంపలు పెట్టి పైన పలచగా మట్టి కప్పాలి. తీగకు అంటుకుని ఉన్న తొడిమ కొసలోనే మొలకలు ముందు, ఎక్కువగా వస్తాయి. ఎండాకాలం కాబట్టి మధ్యాహ్నం నీడ పడే చోటు చూసుకోవాలి, తడి ఆరనివ్వకూడదు, నీరు నిలవనివ్వకూడదు. పెరడు లేనివాళ్ళు పగిలిన కుండలోనో, ఎరువుల సంచిలోనో మట్టి నింపి నాలుగు దుంపలు పెట్టుకోవచ్చు.

నలభై, నలభై అయిదు రోజులకు తీగ కోతకు వస్తుంది. మట్టికి ఒక అంగుళం పైన కోయాలి. మట్టిలోపలి నుంచి పీకితే తల్లి దుంపలోని తెగులో పురుగో వెంట వచ్చే ప్రమాదం ఉంది. జానెడు నుంచి అడుగు దాకా ముక్కలు కోసి రెండో మడిలో నాటితే, ఇంకో నెలన్నరలో పది సెంట్లకు సరిపడా తీగ తయారవుతుంది. శివరాత్రి దుంపను ఫాల్గుణంలో మడికి ఎక్కిస్తే జూన్ వానలకు తీగ చేతిలో ఉంటుందన్న మాట. మన పండుగకూ పంటకూ ఇలా లెక్క కుదరడం ఊరికే కాదేమో!

కొంతమంది మొలకెత్తిన దుంపనే నేరుగా పొలంలో పాతుతారు. అలా చేయవద్దు. తీగ దండిగా పెరుగుతుంది, పాత దుంప ముదిరి ఊరుతుంది, కొత్త దుంపలు మాత్రం సరిగా పడవు. దుంపతో తీగ చేసుకోవాలి, తీగతో పంట చేసుకోవాలి. క్రమం ఇది.

నాటేటప్పుడు తీగ కొసభాగం మంచిది. కోసిన తీగను ఆకులతోనే మోపు కట్టి రెండు రోజులు నీడలో ఉంచి నాటితే వేరు త్వరగా పోసుకుంటుంది. బోదెల మధ్య రెండడుగులు, తీగల మధ్య జానెడు. రెండు మూడు కణుపులు మట్టిలో ఉండాలి. నెల దాటగానే కలుపు తీసి మట్టి ఎగదోయాలి. ఇది తప్పనిసరి, ఎందుకంటే దుంప ఊరేటప్పుడు నేల పగిలితే ఆ పగుళ్ళలోంచే ముక్కుపురుగు దిగుతుంది. తీగ పాకిన చోటల్లా వేరు దిగకుండా అప్పుడప్పుడు ఎత్తి తిప్పాలి. యూరియా ఎక్కువ వేస్తే చేను చూడ్డానికి పచ్చగా ఉంటుంది, తవ్వితే ఏమీ ఉండదు. దుంపకు కావలసింది పొటాష్. రకాన్ని బట్టి మూడు నుంచి నాలుగు నెలల్లో పంట వస్తుంది. తవ్వాక పొలంలో తీగ చెత్త, చిల్లు దుంపలు వదిలేయకుండా ఏరి తగలబెట్టాలి. అదే పొలంలో వెంటనే మళ్ళీ ఇదే పంట వేయకూడదు.

హక్కు కాగితం మీద ఉంది

ఇప్పుడు అసలు విషయం. మన విత్తనం మనం దాచుకోవడం ఎవరి దయా కాదు. 1966 విత్తన చట్టంలో విత్తనం అంటే గింజ ఒక్కటే కాదు. ఆహార పంటల దుంపలు, వేర్లు, తీగ ముక్కలు, నారు అన్నీ విత్తనమే అని రాశారు. అదే చట్టం 24వ సెక్షన్ ప్రకారం, రైతు తాను పండించిన విత్తనాన్ని తన సొంత చోటులో మరో రైతుకు నేరుగా అమ్మినా, ఇచ్చినా ఆ చట్టం వర్తించదు. 2001లో వచ్చిన మొక్కల రకాలు, రైతు హక్కుల పరిరక్షణ చట్టం 39వ సెక్షన్ ఇంకా స్పష్టంగా చెప్పింది. కంపెనీ పేరున నమోదైన రకమైనా సరే, దాని విత్తనాన్ని రైతు దాచుకోవచ్చు, మళ్ళీ విత్తుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. బ్రాండు పేరు పెట్టి అమ్మకూడదు, అంతే.

అయినా ఏం జరిగిందో చూశాం. 2019 ఏప్రిల్‌లో గుజరాత్ బంగాళాదుంప రైతుల మీద పెప్సీకో కంపెనీ అహమ్మదాబాదు కోర్టుకు వెళ్ళింది. చిప్స్ కోసం తాము నమోదు చేయించుకున్న రకాన్ని తమ అనుమతి లేకుండా పండించారని, ఒక్కొక్క రైతు నుంచి కోటి రూపాయల పైన పరిహారం ఇప్పించాలని అడిగింది. మూడు నాలుగు ఎకరాల రైతు కోటి రూపాయలు ఎక్కడ నుంచి తెస్తాడు? దేశమంతా రైతు సంఘాలు లేచి 39వ సెక్షన్ ఎత్తి చూపాయి. మే నెలలో కంపెనీ ఆ కేసులు వెనక్కి తీసుకుంది. అది కూడా దుంప పంటే. అక్కడి దుంపకు పట్టిన గతి ఇక్కడి దుంపకు పట్టదని ఎవరు హామీ ఇస్తారు?

ఇంకోపక్క విత్తన బిల్లు మళ్ళీ మళ్ళీ ముందుకొస్తోంది. 2004లో ఒకటి తెచ్చారు. రైతు తన విత్తనం అమ్ముకోవచ్చు అంటూనే, కనీస మొలక శాతం, స్వచ్ఛత ప్రమాణాలకు అది నిలవాలని మెలిక పెట్టారు. పొరుగువాడికి నాలుగు మోపుల తీగ ఇవ్వాలంటే ల్యాబు కాగితం చూపించాలన్న మాట! రైతు సంఘాలు ఎదిరించాయి, బిల్లు చట్టం కాలేదు. 2019లో మరో ముసాయిదా వచ్చింది. 2025లో ఇంకొకటి. ప్రతిసారీ రైతుకు మినహాయింపు ఉందని చెబుతారు. ఆ మినహాయింపును ఒక్క అక్షరం కూడా తగ్గనివ్వకుండా కాపాడుకోవాలి, ఆ పోరాటం సంఘం చేస్తూనే ఉంటుంది.

కానీ మనల్ని మనం ఒక ప్రశ్న వేసుకోవాలి. దాచుకునే హక్కు కోసం ఢిల్లీ దాకా కొట్లాడుతున్నాం, మరి ఇంట్లో దాచుకున్నది ఏముంది? ఎంతమంది ఇళ్ళలో విత్తనపు గాదె ఉంది? ఎంతమందికి జొన్న కంకి ఏది విత్తనానికి ఉంచాలో తెలుసు? వాడని హక్కును రద్దు చేయడానికి ఏ ప్రభుత్వానికీ భయం ఉండదు. విత్తనం దాచే రైతే లేనప్పుడు, దాచుకునే హక్కు తీసేస్తే అడిగేవాడు ఎవడు?

ఇంటి విత్తనం అంటే అంతా బంగారమేనా?

కాదు. ఈ మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. ఏళ్ళ తరబడి అదే తీగను కోసి నాటుతూ పోతే వైరస్ తెగుళ్ళు పేరుకుంటాయి, ఆకు చిన్నబోతుంది, దిగుబడి పడిపోతుంది. మనలో చాలామంది చూసిందే. 'నీ విత్తనం పాడైంది, మాది కొను' అని కంపెనీవాడు చెప్పే మాటలో ఆ మేరకు నిజం ఉంది. కానీ దానికి మందు ఏటా కొనడం కాదు. ఒకటి, చేనులో ఆరోగ్యంగా ఉండి బాగా కాసిన పాదును పచ్చగా ఉన్నప్పుడే గుర్తు పెట్టుకుని, దాని దుంపలనే విత్తనానికి ఉంచాలి. రెండు, మూడు నాలుగేళ్ళకు ఒకసారి తెగులు లేని తల్లి తీగ తెచ్చుకోవాలి. ఆ తల్లి తీగ ఇవ్వాల్సింది ప్రభుత్వం.

ఇవ్వడానికి లేకనా? తిరువనంతపురం దగ్గర శ్రీకార్యంలో కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ 1963 నుంచి మన పన్నుల డబ్బుతో నడుస్తోంది. శ్రీ కనక, భూ సోనా అనే నారింజ రంగు కండ రకాలు, భూ కృష్ణ అనే ఊదా రంగు రకం ఆ సంస్థ శాస్త్రవేత్తలు తయారు చేసినవే. నారింజ రంగు దుంపలో ఎ విటమిన్‌గా మారే పదార్థం దండిగా ఉంటుంది, అంగన్‌వాడీ పిల్లలకు అంతకన్నా చవకైన తిండి ఏముంది? ఆఫ్రికాలో ఈ దుంపను ఊరూరా తీగల రూపంలో పంచిన శాస్త్రవేత్తలకు 2016లో ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు. మన దగ్గర ఒక వ్యవసాయ కార్యాలయానికి వెళ్ళి భూ సోనా తీగ కావాలని అడిగితే, "మా జాబితాలో ఆ పంటే లేదండీ" అన్నారు. పైగా, ఎక్కడో ఒక నర్సరీలో దొరుకుతుందేమో చూడమని సలహా ఇచ్చారు. ప్రజల డబ్బుతో తయారైన రకం ప్రజలకు అందదు. ఏదో ఒక రోజు రంగు ట్రేలో, కొత్త పేరుతో, మొక్క 5 రూపాయలకు మన ఊరికి వస్తుంది. అప్పుడు మాత్రం దొరుకుతుంది.

పండించాక ధర సంగతి వేరే చెప్పాలా? కేంద్రం మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో చిలగడదుంప లేదు. శివరాత్రి ముందురోజు పట్నంలో అమ్మే ధరకూ, మన గట్టు మీద దళారి ఇచ్చే ధరకూ ఎంత తేడా ఉంటుందో పండించినవాళ్ళకు తెలుసు. కేరళ ప్రభుత్వం 2020 నవంబరు నుంచి కర్రపెండలం సహా 16 రకాల కూరగాయలు, పండ్లు, దుంపలకు కనీస ధర అమల్లోకి తెచ్చింది. ఒక రాష్ట్రం చేయగలిగిన పని మన రాష్ట్రాలు ఎందుకు చేయలేవు?

మా డిమాండ్లు, మన పని

ప్రభుత్వాన్ని అడుగుతున్నాం:
1. ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి మండలంలో కనీసం ఒక రైతు సేవా కేంద్రం, తెలంగాణలో ఒక రైతు వేదిక ఆధ్వర్యంలో తెగులు లేని చిలగడదుంప తల్లి తీగల మడి నడపాలి. కౌలు రైతులకు ఉచితంగా ఇవ్వాలి.
2. ప్రభుత్వ సంస్థల రకాలను ప్రైవేటు పేర్లతో అమ్మే నర్సరీల మీద తనిఖీ పెట్టాలి. రకం పేరు, ఎక్కడి నుంచి తెచ్చారో రాయకుండా తీగ అమ్మనివ్వకూడదు.
3. కొత్త విత్తన చట్టం ఏది తెచ్చినా రైతు విత్తనం దాచుకునే, పంచుకునే, అమ్ముకునే హక్కుకు ఏ మెలికా పెట్టకూడదు.
4. దుంప పంటలకు గిట్టుబాటు ధర ప్రకటించాలి. అంగన్‌వాడీలకు, హాస్టళ్ళకు రైతుల దగ్గరే నేరుగా కొనాలి.

ఇవి సాధించడానికి కొట్లాడదాం. కానీ ప్రభుత్వం కదిలేదాకా ఆగనక్కరలేని పని ఒకటి ఉంది. ఈ నెల ప్రతి గ్రామ శాఖ ఒక సభ్యుడి పెరట్లో రెండు మంచాల చోటు చూసి, 30 దుంపలు పాతాలి. జూన్‌లో ఆ తీగను కోసి ముందుగా కౌలు రైతులకు పంచాలి. తీసుకున్నవాళ్ళు డబ్బు ఇవ్వనక్కరలేదు. వచ్చే ఏడు అన్ని మోపులే ఇంకొకరికి ఇవ్వాలి. ఎవరు ఎవరికి ఇచ్చారో శాఖ పుస్తకంలో రాసుకుందాం.

ఆ కౌలు రైతు ఇంట్లో పెంట మీది తీగను మేమూ ఆ ఇల్లాలూ కలిసి కోశాం. 70 ముక్కలు వచ్చాయి. దొడ్డి గోడ వెంట బోదె చేసి నాటాం. ట్రేల మీద పెట్టిన డబ్బు ఎటూ తిరిగి రాదు. వచ్చే ఏడు మాత్రం ఆ ఇంట్లో ట్రే కొనరు.

ఇవాళ సాయంత్రం ఇంటికి వెళ్ళాక మీ దుంపల బుట్ట ఒకసారి చూడండి.